తీసేసిన ప్రోగ్రాము దుబ్బులు

అనకాపల్లి,
జూన్ నెల, ఆదివారం.

మేరీ వదినకి,

కనకం రాయునది. నువ్వు నాతవరంలో తమ్ముడింట్లో హాయిగా కూర్చున్నావు. నేనిక్కడ మన కొట్లో కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని తిడుతున్నాను. నీకు చెవులు పోవడం వల్ల జరిగిన మేలు ఒక్కటే, ఈ తిట్లు నీ దాకా రావు.

సంగతేమిటంటే, ఇరవై ఏళ్ళు మనకి అన్నం పెట్టిన పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాముని తీసేశాను. కోప్పడకు. పెళ్ళికార్డులవాళ్ళూ బడి మేష్టర్లూ అందరూ ఇప్పుడు ఫోన్లో చదువుకునేలా పంపమంటున్నారు. పాతదాంట్లో కొట్టింది వాళ్ళ ఫోన్లలో పిచ్చి ఇంగ్లీషులా పడుతోంది. అందుకని కొత్త ప్రోగ్రాము కొన్నాను, పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ నొక్కాను. అయిపోయింది అని చూపించింది. ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసి కూడా సంబరపడ్డాను.

మర్నాడు కంప్యూటరు తెరవగానే తెర మధ్యలో ఒక డబ్బా లేచింది. ఫలానా ఫైలు దొరకలేదట. ఓకే నొక్కితే పోతుంది, మళ్ళీ పొద్దున్నకి ప్రత్యక్షం. కొత్తది ఎక్కిద్దామంటే, "పాత వెర్షన్ ఉంది, ముందు దాన్ని తొలగించండి" అంటుంది. లిస్టులో వెతికితే పాతది లేనే లేదు. లేనిదాన్ని ఎలా తొలగించనే తల్లీ?

బెల్లం మార్కెట్టు పరదేశి గారు బిల్లుబుక్కుల కోసం రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. నిన్న నా మొహం మీదే, "మేరమ్మ ఉంటే ఈపాటికి అయిపోను. నీవల్ల ఏటవుద్ది?" అనేసి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మండినా మాట నిజమే కదా. మిషన్ల పని నీది, మనుషుల పని నాది అని మొదటి రోజునే పంచుకున్నాం. నా వాటా ఉంది, నీ వాటా చూసేవాళ్ళు లేరు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. మెసేజ్ పెడదామంటే నీది బటన్ల ఫోను, అందులో తెలుగు రాదు. అందుకే పోస్టాఫీసుకి పోయి కవర్లు కొన్నాను. ఇన్ని కవర్లు ఎందుకమ్మా అని అక్కడి అమ్మాయి నవ్వింది.

టీకొట్టు బంగారయ్య ఇంకా రెండు గ్లాసుల టీ తెస్తున్నాడు. వద్దని నేనూ చెప్పలేదు. రెండోది కూడా నేనే తాగుతున్నాను.

వెంటనే జవాబు రాయి.

కనకం


నాతవరం,
జూన్ నెల, గురువారం.

కనకం వదినకి, మరియతల్లి నిన్ను చల్లగా చూడాలి.

ఉత్తరం అందింది. నీ దస్తూరి ఏమీ మారలేదు, కోడి కెలికినట్టే ఉంది. టైపు నేర్చుకున్నావు కాబట్టి బతికిపోయావు.

మీది దేవరాపల్లి, చెరకు పండించే ఇల్లు. ఆ లెక్కలోనే చెబుతాను. చెరకు నరికేశాక చేను ఖాళీగా కనబడుతుంది, దుబ్బులు మాత్రం నేలలోనే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కడమంటే పైన గడలు నరకడమే. ప్రోగ్రాము పోతుంది, దాని ఫోల్డర్లు, దాని పేరు, పొద్దున్నే నన్ను లేపండి అని అది పెట్టుకున్న గుర్తు, ఇవన్నీ లోపల మిగిలిపోతాయి. కంప్యూటరు ఆ గుర్తు చూసి లేపడానికి వెళ్తుంది, అక్కడ మనిషి ఉండదు. అదే నీకు కనబడే డబ్బా.

ఇక్కడి నుంచి రాసేది గోడకి అంటించుకో. ముందు కాపీ తియ్యి. కంప్యూటరు తన లోపలున్న ప్రోగ్రాములన్నిటి గుర్తులూ రాసుకునే చోటు ఒకటుంది, రిజిస్ట్రీ అంటారు. దాన్ని తెరిచి ఎక్స్‌పోర్ట్ నొక్కి మొత్తం కాపీని పెన్‌డ్రైవులో పెట్టుకో. కాపీ లేకుండా అందులో చెయ్యి పెట్టావంటే కొరివితో తల గోక్కున్నట్టే. తర్వాత టాస్క్ మేనేజర్లో స్టార్టప్ అనే చోట పాతదాని పేరు ఉంటుంది, దాన్ని డిసేబుల్ చెయ్యి. పొద్దుటి డబ్బా దాంతో ఆగుతుంది. సి డ్రైవులో ప్రోగ్రాముల ఫోల్డర్లో దాని ఫోల్డరు ఉంటే తీసెయ్యి. దాచిపెట్టిన ఫోల్డర్లు కనబడేలా చేసుకుని, యాప్‌డేటాలో కూడా చూడు. ఆఖర్న రిజిస్ట్రీలో ఆ కంపెనీ పేరు కొట్టి వెతుకు. పేరు పూర్తిగా కలిస్తేనే తియ్యి, ఏమాత్రం అనుమానం ఉన్నా వదిలెయ్యి. కంప్యూటరు ఆపి మళ్ళీ వెయ్యి. అప్పుడు కొత్తది ఎక్కుతుంది.

పరదేశి గారికి నా నమస్కారాలు చెప్పు.

నేను బాగానే ఉన్నాను. తమ్ముడి కూతురు షెకీనా మంచి పిల్ల. నేను చీపురు ముట్టుకుంటే లాక్కుంటుంది, గిన్నె ముట్టుకుంటే లాక్కుంటుంది, కూర్చో అత్తా అని చేత్తో చూపిస్తుంది. కూర్చుంటున్నాను.

లూర్దు మేరీ


అనకాపల్లి,
జూలై.

మా మేరీ వదినకి,

ఒలమ్మో, ఎక్కింది! కొత్తది ఎక్కింది. పొద్దుటి డబ్బా పోయింది. పరదేశి గారి బిల్లుబుక్కులు ప్రెస్సుకి వెళ్ళిపోయాయి. నీ ఉత్తరం చూపించి, "మేరీ వదినే చేసింది, నాతవరం నుంచి" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనిషి ఆడున్నా పని ఈడే సేత్తంది" అన్నారు. విన్నావా? వినలేదులే, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు ఇంకో తంటా. కొత్త ప్రోగ్రాములో చక్కగా తెలుగు కొడుతూ కొడుతూ ఉంటే ఉన్నట్టుండి మీటలు మారిపోతాయి. "క" నొక్కితే ఇంకేదో పడుతుంది. పాతదాని ఆత్మ పట్టుకుందా ఏమిటి దీన్ని?

మన మొదటి కంప్యూటరు గుర్తుందా? వైజాగ్‌లో కొని పాసింజరులో తెచ్చుకున్నాం. కుదుపులకి పగిలిపోతుందని మానిటరుని నీ దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నావు. దువ్వాడలో ఎక్కిన ముసలావిడ దుప్పటి మీద చెయ్యేసి, "ఎన్నో నెలమ్మా బిడ్డకి?" అని అడిగింది. నువ్వు మొహం మార్చకుండా, "ఇంకా పుట్టలేదమ్మా, అనకాపల్లిలో పుడతాది" అన్నావు. నేను నవ్వలేక చచ్చాను. స్టేషన్లో దిగాక ఆటో మాట్లాడితే, ఆటో కుదుపుకి ఏమవుతుందోనని నువ్వు నడిచే వచ్చావు, వెనకాల సీపీయూ మోసుకుంటూ నేను. రోడ్డంతా బెల్లం వాసన. ఇప్పుడు ఆ దారిన వెళ్తే ఇంకా అదే వాసన వదినా. నాకు ఆ వాసన వస్తే నువ్వు ముందు నడుస్తున్నట్టే ఉంటుంది.

కొట్టు పేరు దగ్గర కూడా దెబ్బలాడుకున్నాం. నా పేరు ముందుండాలని నేను, నీ పేరు ముందుండాలని కూడా నేనే. చివరికి నా పూర్తి పేరు చివరున్న లక్ష్మిని నీ పేరుకి తగిలించి మేరీలక్ష్మి జాబ్ టైపింగ్ అని పెట్టాం. బోర్డు మీద మేరీ సగం వెలిసిపోయింది. రంగు వేయించాలి.

మీటల సంగతి రాయి.

కనకం


నాతవరం,
ఆగస్టు.

కనకం వదినకి,

ఆత్మలూ లేవు, దెయ్యాలూ లేవు. పాత ప్రోగ్రాము పెట్టుకున్న కీబోర్డు ఇంకా భాషల పట్టీలో కూర్చుంది. నీ చెయ్యి ఎక్కడో తగిలి అది మారుతోంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికి వెళ్ళు, తెలుగు కింద రెండు కీబోర్డులు కనబడతాయి, పాతదాన్ని తీసెయ్యి. అంతే.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫాంట్ల ఫోల్డర్లో పాత ప్రోగ్రాము తాలూకు తెలుగు ఫాంట్లు ఇంకా ఉంటాయి. వాటిని ముట్టుకోకు. మన పాత ఫైళ్ళలో లోపల ఉన్నది తెలుగు కాదు. ఏ మీట నొక్కామో ఆ ఇంగ్లీషు అక్షరమే అందులో ఉంటుంది, ఫాంటు దాని మీద తెలుగు బొమ్మ వేస్తుంది. ఫాంటు పోతే ఇరవై ఏళ్ళ పనీ పిచ్చి రాతలైపోతుంది. మార్కెట్టు వాళ్ళ బిల్లులు, మా గుడి పాటల పుస్తకం, ఎన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళు, అన్నీ. దుబ్బులన్నీ పనికిరానివి కావు.

రైల్లో ముసలావిడ నాకూ గుర్తుంది. ఉత్తరం చదివి పైకే నవ్వానట, షెకీనా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఇక్కడికి వచ్చాక నేను నవ్వడం అదే మొదటిసారని ఆ పిల్ల చేతి సైగలతో చెబితే నాకు సిగ్గేసింది.

నువ్వు అడగలేదు గానీ చెబుతాను. జ్వరంతో చెవులు పోయాక కూడా నాలుగు నెలలు కొట్లో కూర్చున్నాను కదా. ఒకాయన కూతురి ఓణీల కార్డు గురించి నాకు చెప్పి చెప్పి, చివరికి నీ వైపు తిరిగి, "ఈవిడికి మీరే సెప్పండమ్మా" అన్నాడు. ఆయన పెదవులు చూస్తే తెలిసింది. నీ మొహమూ చూశాను. నీ పని నువ్వు చేసుకుని, నా పక్కన నిలబడి నాక్కూడా చెప్పాల్సి వచ్చింది. చెవి మిషను పెడితే ఈల తప్ప మాట రాదు. అందుకే వచ్చేశాను. ఇందులో నీ తప్పేమీ లేదు, నాకు ఎవరి మీదా కోపం లేదు.

బోర్డుకి రంగు వేయిస్తే ఒక్క నీ పేరుకే వేయించు. చాలు.

లూర్దు మేరీ


అనకాపల్లి,
సెప్టెంబరు.

వదినా,

మీటలు బాగయ్యాయి. కానీ చూడు, పొద్దుటి డబ్బా మళ్ళీ వస్తోంది! అదే డబ్బా, అదే మాట. నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇంకేదో దుబ్బు ఉన్నట్టుంది. నువ్వు కాస్త వివరంగా, నాలుగు పేజీలైనా పరవాలేదు, రాసి పంపు. ప్రింటరు కూడా ఏదో ఎర్రర్ అంటోంది. మౌసు కూడా.

ఇక్కడ వానలు. మన కొట్టు ముందు నీళ్ళు నిలిచాయి. నువ్వుంటే ఇటుకలు వేసేదానివి. బంగారయ్య చీర పైకెత్తుకున్నట్టు లుంగీ ఎత్తుకుని టీ తెస్తున్నాడు.

బోర్డు మీద రెండు పేర్లకీ రంగు వేయించాను. చాల్లే నీ మాటలు.

కనకం


నాతవరం,
అక్టోబరు.

కనకానికి,

నీకు ఇదే ఆఖరి ఉత్తరం.

స్టార్టప్‌లో గుర్తు తీశావు, ఫోల్డరు తీశావు, రిజిస్ట్రీలో పేరు తీశావు. పిలిచేవాడూ లేడు, పిలిచే పేరూ లేదు. ఆ డబ్బా మళ్ళీ రావడం జరగని పని. అయినా నువ్వు పొరపాటు చేశావేమో అని నాలుగు పేజీలు రాయడానికి కూర్చున్నాను. అంతలో షెకీనా వచ్చింది. పోయిన వారం హాల్‌టికెట్టు ప్రింటు కోసం అనకాపల్లి వచ్చి మన కొట్టుకే వచ్చిందట. కంప్యూటరు ఆ పిల్ల ఎదుటే తెరిచావట. ఏ డబ్బా రాలేదు. ప్రింటరు ఒక్క దెబ్బకే ప్రింటిచ్చింది. అత్తతో చెప్పకు అని నువ్వు అన్నావట. ఆ పిల్లకి అబద్ధం అలవాటు లేదు, పలక మీద అంతా రాసి చూపించింది.

నాకు చెవులు పోయాయి, బుద్ధి పోలేదు. పనికిరానిదాన్నని కూర్చోబెట్టి చేతిలో పని లాక్కునే ఇల్లు ఒకటి ఉంది నాకు, అది చాలు. నువ్వు కూడా జాలిపడి పని కల్పించి పంపుతున్నావా? ఆ ఉత్తరాలకి నేను పోస్టు సైకిలు కోసం వీధిలో నిలబడ్డాను కనకం. ఇంకా నేను చెయ్యగలిగింది ఒకటుందని మురిసిపోయాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తీసేసిన ప్రోగ్రాము తీసేసినట్టే. దాని దుబ్బుల మీద కూర్చుని ఆడుకోకు. ఇక రాయకు.

లూర్దు మేరీ


అనకాపల్లి,
అక్టోబరు, ఉత్తరం అందిన రోజే.

ఒసే మేరీ,

జాలా? నీ మీద నాకు జాలా? నీ మొహానికి జాలి కూడానా! పుస్తకాల భాష నాకు రాదు, మా ఊరి మాటే రాస్తున్నాను, సదువుకో.

అవును, డబ్బా రాలేదు. అబద్ధం రాసేను. ఎందుకు రాసేనో సెప్తాను ఇను. నీ ఉత్తరం వచ్చిన్నాడు కొట్లో నువ్వున్నట్టుంటాది. గోడకి అంటించి, ఓ మాట సదివి ఓ మీట నొక్కుతుంటే, నా ఎనకాల నిలబడి నువ్వే "కాపీ తీసేవా?" అని తిడతన్నట్టుంటాది. కంప్యూటరు బాగైపోతే నువ్వెందుకు రాస్తావు? నువ్వు కబుర్లు రాసే మనిషివేటి? పనుంటేనే కలం పట్టుకుంటావు. అందుకే పని పుట్టించేను. నీకోసం కాదే, నాకోసం. రెండో గ్లాసు టీ తాగలేక సస్తన్నాను ఇక్కడ.

నీ ఉత్తరం సదివి నాకు పిచ్చికోపం వచ్చింది. తీసేసింది తీసేసినట్టే అన్నావు కదా, సరే అని కూర్చుని పాతదాని ముక్కన్నది లేకుండా పీకేసేను. ఫాంట్లు కూడా. కాపీ తియ్యలేదు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ సేసేసేను. కోపం దిగేక పాత ఫైలొకటి తెరిచేను వదినా. తెలుగు లేదు. ఇంకోటి తెరిచేను. లేదు. ఇరవై ఏళ్ళూ పోయినాయి. గుడి పాటల పుస్తకం పోయింది, మార్కెట్టు వాళ్ళవీ పోయినాయి. ఏడుత్తూ కూర్చుంటే బంగారయ్య టీ పెట్టి పోయేడు.

ఈసారి అబద్ధం కాదు. నమ్మవని తెలుసు, అందుకే ఫోల్డర్లో అన్నిటికంటే పైనున్న ఫైలు ప్రింటు తీసి ఇందులో పెట్టేను. ఏ కార్డో ఏటో, నాకు తెలీడం లేదు.

ఇంకోమాట. చెరకు లెక్క నాకు సెప్పేవు కదా, పూర్తిగా తెలీకుండా సెప్పేవు. మా ఇళ్ళలో నరికిన చేలో దుబ్బులు పీకి పారెయ్యరు. చెత్త కాల్చి, నీళ్ళు పెట్టి ఉంచుతారు. ఆటి నుంచే మళ్ళీ తోట లేస్తాది, కార్శి తోట అంటాం. విత్తనం పెట్టక్కర్లేదు, దున్నక్కర్లేదు. అది తెలిసిన ఇంట్లో పుట్టి దుబ్బులన్నీ పీకేసుకున్నాను సూడు, నాకంత తెలివితక్కువది ఉందా?

రాస్తే రాయి, లేపోతే లేదు.

కనకం


నాతవరం,
నవంబరు.

కనకం వదినకి,

నీ ప్రింటు చూశాను. వరసగా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కామాలు, బ్రాకెట్లు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మడిచి పెట్టేయబోయాను.

ఎందుకో ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని బల్ల మీద రెండు చేతులూ ఆనించాను, టైపు కొట్టేటప్పుడు పెట్టినట్టు. మొదటి అక్షరం చూసి, ఆ మీట ఉండే చోట వేలు నొక్కాను. తర్వాతది. తర్వాతది. కళ్ళకి తెలియలేదు వదినా, వేళ్ళకి తెలిసింది. మొదటి వరస అయ్యేసరికి "తమరు కుటుంబ సమేతముగా" అని వచ్చింది. షెకీనా వచ్చి నన్ను చూసి హడలిపోయింది. "అత్తా, ఏటి సేత్తన్నావు?" అంటున్నట్టు పెదవులు కదిలాయి. చదువుతున్నాను అన్నాను. పైకే అన్నాను, ఎంత గట్టిగా అన్నానో తెలియదు, పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు.

అది మన కొట్టు ప్రారంభోత్సవం కార్డు. దుప్పట్లో చుట్టి తెచ్చిన ఆ కంప్యూటరు మీద మనం కొట్టిన మొదటి కాగితం. నువ్వు చెబుతుంటే నేను కొట్టాను. "ఇట్లు, మీ రాక కోరు వదినలు" అని కింద పెట్టించావు, ఇద్దరం వదినలమెలా అవుతామే అని నేను, రాయవే నువ్వు అని నువ్వు. అది కూడా అలాగే ఉంది. నేను ఏడ్చాను. ఎవరి ముందూ ఏడవనిదాన్ని, అందరి ముందూ ఏడ్చాను.

ఇంకొకటి చెప్పాలి. కొట్టు నుంచి వచ్చేటప్పుడు నేను ఒక వస్తువు పట్టుకొచ్చేశాను. పాత ప్రోగ్రాము సీడీ. ఇక్కడ కంప్యూటరు లేదు, ఏం చేసుకుంటానని తెచ్చానో తెలియదు. జపమాల డబ్బాలో దాంతోపాటు పెట్టుకున్నాను. దుబ్బు నా దగ్గర ఒకటి మిగిలిందన్నమాట. ఫాంట్లన్నీ అందులో ఉన్నాయి. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, ఫాంట్లు ఎక్కిస్తే తెలుగు వచ్చేస్తుంది. నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు. సీడీ పెట్టే అర బయటికి రాకపోతే పిన్నీసుతో పొడవాలి, నీకు చేతకాదు.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. చెవులు బాగుపడలేదు, పడవు కూడా. కానీ ఈ అయిదు నెలలూ నువ్వు చెప్పిన పనంతా నాకు అర్థమైంది, ఒక్క మాటైనా వినకుండా. కాబట్టి కస్టమర్లు నీకు చెబుతారు, నువ్వు కాగితం మీద రాసి నాకు ఇస్తావు. నీ దస్తూరి ఒక్కటే భయం.

బంగారయ్యకి చెప్పు, నాది పంచదార తక్కువ.

లూర్దు మేరీ


అనకాపల్లి,
మన కొట్టు, నీ ఎడమచేతి వైపు కుర్చీ.

మేరీ వదినకి,

పరదేశి గారు వచ్చారు. బిల్లుబుక్కులో బెల్లం దిమ్మ బొమ్మ ఇంకా పెద్దది కావాలట. నువ్వు వచ్చావని నవ్వుతున్నారు, తలెత్తి చూడు.

కనకం


అదే కొట్టు,
కుడిచేతి వైపు కుర్చీ.

కనకానికి,

చూశాను. దిమ్మ పెంచుతాను, అంకెలు చిన్నవవుతాయి, ఒప్పుకుంటారేమో అడుగు. ఫాంట్లు ఎక్కాయి. పాటల పుస్తకం తెరిచాను, బాగుంది. మొత్తం రెండు కాపీలు తీశాను, ఒకటి నీకు తెలియని చోట పెట్టాను.

మేరీ


అదే కొట్టు.

వదినా,

ఎర్రర్ వచ్చింది.

కనకం


అదే కొట్టు.

ఏటది?


అదే కొట్టు.

ఏటీ లేదు. ఊరికే రాసేను.


అదే కొట్టు.

తెలుసు. టీ చల్లారిపోతంది, నీ గ్లాసు నువ్వు తాగు.